కట్టెకు రెండో కొస

నా కూతురు లెక్కపెడుతూ ఉంది. పదకొండు, పన్నెండు, పదమూడు. ఆదెన్న ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఎడమ పాదం కుడి మోకాలికి ఆనించి, కళ్లు మూసుకుని, గుట్ట మీద మేకలు మేసేటప్పుడు ఎట్లా నిలబడతాడో అట్లే. అక్కడ చేతిలో కట్టె ఉంటుంది. ఇక్కడ అది కూడా లేదు.

పందొమ్మిది, ఇరవై.

"చాలు మామా, దింపు," అని ఈశ్వరి నవ్వింది. "నాకే రాదు ఇది."

తర్వాత నా వంతు. కళ్లు మూసుకోక ముందే నా చెయ్యి పక్కనున్న కుర్చీ మీదికి పోయింది.

"వాన కురవకముందే వాన సారు తడిసిపాయె," అంది బయమ్మ. షెడ్డులో ఉన్న ముసలివాళ్లందరూ నవ్వారు. ఆదెన్న ఒక్కడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నవ్వనందుకు కూడా నాకు కోపం వచ్చింది.

నా పేరు మార్కండేయ. మండల గణాంక కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వానమాపకం మూత తీసి చూసి, పుస్తకంలో రాసేవాణ్ని. అందుకే నల్లమాడలో నేను వాన సారును. ఈ సీమలో ఆ ఉద్యోగం చేసినవాడు ఇంకేం నేర్చుకోకపోయినా సున్నాలు గుండ్రంగా రాయడం నేర్చుకుంటాడు.

నా భార్య నాగలక్ష్మి ఇంట్లో గడప దగ్గర జారిపడి, తుంటి ఎముక విరిగి, నాలుగు నెలలు మంచంలో ఉండి పోయింది. అది జరిగి రెండేళ్లు. ఈశ్వరి కదిరిలో ఫిజియోథెరపిస్టు. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి ముసలివాళ్లు పడకుండా ఏం చేయాలన్నదే ఆమె ధ్యాస. ఈ ఏడాది ఉగాది దాటిన వారం నుంచి మంగళవారం, శుక్రవారం తెల్లవారి బస్సుకు వచ్చి, మా ఊళ్లో మూతపడిన పాలడైరీ షెడ్డు ఊడిపించి, తొమ్మిదిమంది ముసలివాళ్లను పోగుచేసి నిలబడటం నేర్పడం మొదలుపెట్టింది. పన్నెండు వారాల లెక్క.

నేను చేరింది ఇష్టంతో కాదు. జనవరిలో రెండుసార్లు పడ్డాను. ఒకసారి పోస్టాఫీసు మెట్ల మీద, ఒకసారి మా వంటింటి దగ్గర. రెండోసారి మోచెయ్యి చీరుకుపోయింది.

"ఇంకొక్కసారి పడినావంటే ఈ ఇంటికి తాళం వేసి నిన్ను కదిరికి తీసకపోతా నాయనా," అంది ఈశ్వరి. "ఊరికే బెదిరిస్తాలేదు. పన్నెండు వారాలు టైమిస్తాండా. ఆఖరి దినం బొంత మీద, కండ్లు మూసుకోని, దేన్నీ పట్టుకోకుండా ముప్పై లెక్కపెట్టేదాకా నిలబడల్ల. నిలబడితే ఈడే ఉండు. నేనేమీ అనను."

కదిరిలో ఆమె ఇల్లు మూడో అంతస్తు. అల్లుడు మంచివాడు. నాకంటూ ఒక గది ఉంది, కిటికీ కూడా ఉంది. కానీ ఈ ఇంట్లో నాగలక్ష్మి ఏ గిన్నె ఎక్కడ పెట్టిందో అది అక్కడే ఉంది. ఉప్పుడబ్బా ఎడమ చివర, దాని పక్కన చింతపండు, తర్వాత నూనెగిన్నె. బతికున్నప్పుడు నేను ఒక్క గరిటె చోటు మార్చినా గొడవ పెట్టుకునేది. ఇప్పుడు మార్చడానికి నాకు చేతులు రావు. తాళం వేసిన ఇంట్లో గిన్నెలు ఎవరి కోసం వరుసగా ఉంటాయి?

అందుకని చేరాను. చేరితే ఆదెన్న.

ఆదెన్నకు డెబ్బై నాలుగేళ్లు ఉంటాయి. నాకంటే అయిదేళ్లు పెద్ద. పదేళ్లుగా రెండు కళ్లలోనూ శుక్లాలు. మనిషి ఎదురొస్తే మనిషని తెలుస్తుంది, ఎవరో గొంతు విని చెబుతాడు. అయినా ఇరవై మేకలను గుట్టకు తోలుకుపోయి తోలుకొస్తాడు. పడ్డాడని ఎవరూ వినలేదు. నేను ఏటేటా కళ్లు పరీక్ష చేయించుకునేవాణ్ని. నా కంటద్దాలు పై సగం దూరానికి, కింది సగం చదవడానికి. మంచి ఫ్రేము. పడ్డవాణ్ని నేను.

మొదటి వారమే ఈశ్వరి ఆ అద్దాలు తీసి తన కళ్లకు పెట్టుకుని కిందికి చూసింది.

"దొంగ దొరికినాడు నాయనా. నువ్వు మెట్టు దిగేటప్పుడు కాళ్లకల్ల చూస్తావు. చదివే అద్దంలోంచి చూస్తావు. మెట్టు మసకగా, పైకి లేచినట్ల కనపడ్తాది. నడిచేదానికి వేరే అద్దాలు చేయించుకో."

"కనపడి పడినోళ్లను నిన్నే చూస్తాండా సారూ," అంది బయమ్మ.

ఈశ్వరి మాకు చెప్పిన పాఠం ఇది. మనిషి నిలబడటానికి మూడు సాయాలు ఉంటాయి. కన్ను ఒకటి. చెవి లోపల, మనం వంగితే తెలుసుకునే చిన్న భాగం ఒకటి. అరికాలు ఒకటి. వయసు పైబడేకొద్దీ మిగతా రెండూ మందగించి, బరువంతా కంటి మీద వేస్తాం. ఆ కన్ను కూడా మసకబారితే గోడ పోయిన కప్పు మాదిరి కూలతాం. అందుకని మిగిలిన రెంటినీ మళ్లీ పనికి పిలవాలి. ముగ్గుపిండితో నేల మీద గీత గీసి, వేళ్ల ముందు మడమ ఆనించి నడిపించేది. ఆ తర్వాత నాలుగు బొంతలు మడిచి, వాటి మీద నిలబెట్టి కళ్లు మూసుకోమనేది.

"మెత్తని దాని మీద అరికాలు గుడ్డిదైపోతాది. కండ్లు మూస్తే కన్నూ లేదు. ఇంక చెవే మీకు దిక్కు. ఊగుతారు, భయపడద్దండి, నేనుండా."

ఆ మాటలు విన్నప్పుడు నాకేమీ తట్టలేదు.

నన్ను బాధపెట్టినది ఊగడం కాదు. రెండో వారం ఈశ్వరి నేల మీద మోకాళ్లూని, ఆదెన్న పాదం ఒళ్లో పెట్టుకుని, నైలాను దారం కొసతో అరికాలు అక్కడక్కడా తాకింది. తాకినప్పుడల్లా ఆయన "ఈడ, ఈడ" అని తప్పకుండా చెప్పాడు. "ఇంత మంచి అరికాళ్లు నేను చూడలేదు మామా," అంది. నా పాదాలకు అదే దారం పెట్టింది. ఎనిమిది చోట్లలో మూడు నాకు తెలియనే లేదు. "నలభై ఏండ్లు బూట్లలో దాచిపెడితివి కదా," అని దులుపుకుని లేచింది.

ఆమె తెచ్చే డబ్బాలో బొరుగుల ఉగ్గాని ఉండేది. మొదటి పిడికెడు ఆదెన్నకే. "ఆయప్ప తినకుండా వస్తాడు నాయనా." నేనూ తినకుండానే వచ్చేవాణ్ని. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ముప్పై ఏడేళ్ల కూతురు ఇంకొకరిని మామా అని పిలిస్తే అరవై తొమ్మిదేళ్ల తండ్రికి కడుపు మండటం ఏమిటని నన్ను నేనే అడుక్కున్నాను. మండింది. అంతే.

ఏప్రిల్ చివర కంటి ఆపరేషన్ల వ్యాను వస్తుందని తెలిసింది. గురువారం ఎనిమిదింటికి బస్టాండు దగ్గర ఆగి, శుక్లాలున్నవాళ్లను ఉచితంగా తీసుకుపోతుంది.

"నేను పేరు రాయించినా," అంది ఈశ్వరి ఫోనులో. "ఆదెన్న మామకు ఫోను లేదు. బుధవారం సాయంత్రం నువ్వు పోయి చెప్పు నాయనా. మర్చిపోవద్దు."

మర్చిపోలేదు. బుధవారం సాయంత్రం గుట్టదారిన పోయాను. గుట్టకిందపల్లికి పోయే బండిబాట అది, రెండు కిలోమీటర్లు ఉంటుంది. ఎండ తగ్గుతున్న వేళ. ఆదెన్న ఎదురుగా వస్తున్నాడు. ముందు మేకపోతు, దాని మెడలో గంట, వెనక మంద, అందరికీ వెనక భుజాల మీద కట్టె అడ్డంగా వేసుకుని తను. నలభై అడుగుల దూరం. పిలిస్తే వినపడుతుంది.

నేను ఆగాను. చూపు లేకుండానే ఇరవై నిలబడుతున్నాడు, చూపు కూడా వస్తే ఇంకేం మిగులుతుంది అనుకున్నాను. ఇంత స్పష్టంగా అనుకోలేదేమో. కానీ కాళ్లు వెనక్కి తిరిగాయి.

"చెప్పినావా నాయనా?"

"కనపడలేదమ్మా," అన్నాను.

శుక్రవారం షెడ్డులో ఆ సంగతి తెలిసి ఆదెన్న, "పోనీలేమ్మా. వ్యాను మల్లా రాకపోతాదా," అన్నాడు. మళ్లీ అది వచ్చేది అయిదు వారాలకు. ఈశ్వరి నా వైపు చూసి, బొంతలు పరిచింది. ఆరోజు నేను బొంత మీద తొమ్మిది లెక్కకే పడబోయాను.

మే నెల సగం గడిచినా నాది పన్నెండు దాటలేదు. రాళ్లు పగిలే ఎండలు. బయమ్మ కూడా ఇరవై అయిదుకు వచ్చింది. మిగిలింది మూడు వారాలు. ఒక సాయంత్రం సిగ్గు మింగుకుని గుట్ట కిందికి పోయాను. ఆదెన్న బండరాయి నీడలో కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, "రాండి సార్," అన్నాడు.

"ఎట్లప్పా నువ్వు నిలబడేది? నాకు చెప్పు."

"చెప్పేదానికేముండాది సార్. ముందు ఆ బూట్లు ఇప్పండి."

విప్పాను. నేల ఇంకా కాలుతూనే ఉంది. ఆయన కట్టె నా వైపు చాపాడు.

"ఈ కొస పట్టుకోండి. కండ్లు మూసుకోండి. పోతు గంట యింటా నా ఎనకాల రాండి. కాలు ఊరికే వేయొద్దు. నేలను అడిగి వేయండి."

నా చేతికి వచ్చింది సన్నని కొస. ఎవరో చాలాకాలం పట్టుకుని ఉన్నట్లు నున్నగా ఉంది. నడిచాం. మొదట గరుసు, తర్వాత చిన్న రాళ్లు, ఆ తర్వాత బండిచక్రాలు నలిపిన మెత్తటి దుమ్ము. గంట ముందు మోగుతూ ఉంది. ఇరవై అడుగులు వేసేసరికి, బాట ఎటు వంగుతుందో పాదానికి ముందే తెలియడం మొదలైంది. చిన్నప్పుడెప్పుడో ఉండి పోయినది ఏదో తిరిగొచ్చినట్లు అనిపించింది. ఆ నిమిషం నాకు ఆదెన్న మీద ఏ కోపమూ లేదు.

"అమ్మకంటే మీరు గట్టిగా పట్టుకుంటారు సార్ కట్టెను," అన్నాడు.

"ఏ అమ్మ?"

"మన అమ్మే. నాగలక్ష్మమ్మ."

కళ్లు తెరిచాను.

నాగలక్ష్మి గుట్టకిందపల్లిలో అంగన్‌వాడీ టీచరు. నా దగ్గర మోపెడ్ ఉండేది. చివరి మూడేళ్లు సాయంత్రం పోయి తీసుకొస్తానంటే ఒప్పుకునేది కాదు. నడిస్తే మోకాళ్లకు మంచిదనేది. మోకాళ్ల నొప్పులని పొద్దున మూలిగే మనిషి సాయంత్రం ఆ మాట అంటే నేను నమ్మాను.

"అమ్మకు కండ్లు పోతాండె కదా సార్," అన్నాడు ఆదెన్న, నాకు తెలిసిన సంగతే అన్నట్లు. "పక్కల నుంచి చీకటి మూసుకుంటా వస్తాంది ఆదెన్నా, నడిమిట్ల మాత్రం సన్న కిటికీ మాదిరి ఉండాది అనె. నరం ఎండిపోయే జబ్బంట. పోయిన చూపు రాదని హిందూపురంలో చెప్పినారంట. సుక్కలేసుకుంటాండె, ఉండేది నిలబెట్టుకునేదానికి."

ఆ చుక్కల మందు నాకు తెలుసు. దుమ్ముకు కళ్లు మండుతున్నాయని చెప్పింది. కదిరి నుంచి రెండుసార్లు నేనే తెచ్చిచ్చాను.

"ఒగదినం బాటలో నిలబడిపోయింది. కాలు ఎత్తలేదు. నేను నా కండ్లు ఎప్పుడో పోయినాయి గదమ్మా, నాకు తెలిసిన విద్దె చెప్తా అంటిని. కట్టె ఇస్తిని. ఒగ కొస నాది, ఒగ కొస అమ్మది. చెప్పులు చేతిలో పట్టుకుంటాండె. మూడేండ్లు సార్. ఆఖరికి నాకంటే బాగా నడిచె."

మేకలు చెదిరిపోతుంటే ఆయన నాలుకతో శబ్దం చేసి దగ్గరికి పిలిచాడు.

"నాకెందుకు చెప్పలేదంట?"

"నేనూ అడిగినా సార్. సారుతో చెప్పమ్మా అంటే నవ్వె. ఆయన మంచోడు ఆదెన్నా, అదే భయం అనె. చెప్తే పని మాన్పించి నన్ను పటం మాదిరి గోడకు తగిలిస్తాడు అనె."

ఇప్పుడు ఆమె పటం ముందరి గదిలో గోడకే ఉంది.

"ఆ మెత్త చెప్పులు వచ్చినంకనే సార్, అమ్మకు కష్టమాయె," అన్నాడు ఆదెన్న. గొంతులో తప్పుపట్టడం లేదు. వాన రాలేదని చెప్పినట్లు చెప్పాడు. "నేల నాతో మాట్లాడేది నిలిచిపోయింది ఆదెన్నా అనె. ఇప్పేయమ్మా అంటి. ఇంట్లో ఇప్పితే ఆయన నొచ్చుకుంటాడు, ప్రేమగా తెచ్చినాడు అనె."

మోకాళ్ల నొప్పికి మెత్తటివి తొడగాలని ఎవరో డాక్టరు పేపర్లో రాస్తే చదివి, కదిరి బజారులో నాలుగు అంగళ్లు తిరిగి తెచ్చాను వాటిని. ఇంట్లో వట్టి కాళ్లతో తిరిగితే అలిగేవాణ్ని. అవి వచ్చిన తొమ్మిదో రోజు గడప దగ్గర పడింది.

ఇంటికి వచ్చాను. ఆ దారి పొడుగునా నేను ఆలోచించింది చెప్పుల గురించి కాదు. మూడేళ్లు, రోజూ అర్ధగంట. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె చూపు పోతున్న సంగతి నాకు తెలియదు, మేకలాయనకు తెలుసు. ఆమె భయపడి బాటలో నిలబడిపోయినప్పుడు ఎట్లా ఉందో ఆయన ఒక్కడికే తెలుసు. వాళ్లిద్దరి మధ్య, కొలిస్తే, మూడు మూరల కట్టె ఉండవచ్చు. ఆ కట్టె మీద కూడా నాకు అసూయ కలిగింది.

ఆ మెత్త చెప్పులను మరునాడు పొద్దున తీశాను. అలమర అడుగున, పెట్టెలోనే ఉన్నాయి. నా పాదాలకు చిన్నవి, మడమలు బయటికి వచ్చాయి. వంటింట్లో వాటి మీద నిలబడి కళ్లు మూసుకున్నాను. మూడు లెక్కకు చెయ్యి చాపాల్సి వచ్చింది. చాపిన చెయ్యి ఉప్పుడబ్బాకు తగిలింది. ఎడమ చివర. దాని పక్కన చింతపండు. తర్వాత నూనెగిన్నె.

కళ్లు మూసుకునే, ఒక్కొక్కటీ తాకాను.

మంగళవారం బొంతలు మడుస్తున్న ఈశ్వరిని అడిగాను, "మీ అమ్మకు కళ్లు కనపడవని నీకు తెలుసా?"

ఆమె చేతులు ఆగాయి. "ఆస్పత్రిలో తెలిసె నాయనా. పడినంక. అప్పుడు నీకు చెప్పి ఏం చేయల్ల? అప్పటికే నువ్వు అన్నం తినడం మానేసింటివి."

అంటే కూతురికీ తెలుసు. ఆమె మిగిలిన బొంతను నా చేతికి ఇచ్చి, "ఆ కొస పట్టుకో," అంది. ఇద్దరం మడిచాం.

చెప్పుల సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే నా తప్పు లేదంటుంది. ఆ మాట వినాలని లేదు.

వ్యాను మళ్లీ వచ్చే రోజుకు నేను బుధవారం దాకా ఆగలేదు. సోమవారమే పోయి చెప్పాను. మంగళవారం మళ్లీ చెప్పాను. గురువారం మేకలను బయమ్మ కొడుక్కి ఒప్పజెప్పి బస్టాండుకు పోతే, వ్యాను పాడయింది రాదన్నారు. ఎర్రబస్సు ఎక్కించి నేనే కదిరికి తీసుకుపోయాను. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు.

"పోయినసారి నువ్వు నాకు కనపడినావు ఆదెన్నా," అన్నాను. బస్సు చప్పుడులో గట్టిగానే అనాల్సి వచ్చింది. "పిలవలేదు నేను."

"తెలుసు సార్."

"తెలుసా?"

"మీ బూట్ల సప్పుడు యినపడె. ఆడిదాకా వచ్చి నిలబడి ఎనక్కి పోయినారు." కిటికీలోంచి వచ్చే గాలికి మొహం తిప్పుకున్నాడు. "సారుకు ఇంట్లో యేదో పని గుర్తుకొచ్చిందేమో అనుకుంటి."

కొంతదూరం పోయాక, "కిటికీ పక్కకు మీరొస్తారా సార్? గాలి బాగుండాది," అన్నాడు.

ముందు కుడికన్ను చేశారు. ఎడమది రెండు నెలల తర్వాత అన్నారు.

ఆఖరి రోజు జూన్ రెండో శుక్రవారం. పడమట కొంచెం మబ్బు పట్టింది. ఉద్యోగంలో ఉంటే సున్నా రాయాలా వద్దా అని సాయంత్రం దాకా చూసేవాణ్ని. ఆదెన్న నల్లద్దాలు పెట్టుకుని మేకలతో సహా వచ్చాడు. షెడ్డు పక్కన పోతును గుంజకు కట్టేసి, అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు.

"బయమ్మా, నువ్వింత ముసిల్దానివి ఎప్పుడైతివే?"

"నీకు కండ్లు పోయినప్పుడే. చెప్తే ఏడుస్తావని చెప్పలేదు."

నవ్వుతూనే షెడ్డు మెట్టు ఎక్కబోయి, కాలు గాలిలో పెట్టి ముందుకు తూలాడు. ఈశ్వరి రెక్క పట్టుకుంది. ఒంటికాలి మీద నిలబడమంటే మూడు లెక్కకే పాదం దించేశాడు. ఇంకోసారి చేశాడు. నాలుగు.

"ఏంది పాపా ఇది? కన్ను వచ్చె, కాలు పాయె?"

"పోలేదు మామా. ఒక కంట్లో వెలుతురు, ఒక కంట్లో మబ్బు. మెట్టు ఒకటి ఈడుందంటాది, ఒకటి ఆడుందంటాది. కాలు ఎవుర్ని నమ్మల్ల? రెండో కన్ను గుడక అయితే, కొన్నాళ్లకు సర్దుకుంటాది. అంతదాకా కట్టె వదలద్దు, జాగ్రత్తగా నడువు."

ఎండాకాలమంతా నేను ఎదురుచూసింది అదే, ఆదెన్న తూలడం. చూసినప్పుడు సంతోషం రాలేదని రాయాలనుంది. కొంచెం వచ్చింది. ఉగ్గాని మొదటి పిడికెడంత. అది గొంతు దిగక ముందే నా పేరు పిలిచారు.

బూట్లు, మేజోళ్లు విప్పి, బొంత మీదికి ఎక్కాను. కంటద్దాలు తీసి ఈశ్వరికి ఇచ్చాను. కళ్లు మూసుకున్నాను. ఆమె లెక్క మొదలుపెట్టింది. పది దాకా బాగానే ఉంది. పద్నాలుగుకు ఊగడం మొదలైంది. బొంత నన్ను అటొకసారి ఇటొకసారి తోసింది. పడకముందు నాగలక్ష్మికి ఆ తొమ్మిది రోజులూ ఇట్లాగే ఉండేవి అన్నమాట, ఇంట్లోనే, నా ఎదురుగానే. పద్దెనిమిది. కుర్చీ కోసం చెయ్యి లేచింది. అప్పుడు బయట పోతు తల విదిలించింది. గంట మోగింది. ఎడమ వైపు, కొంచెం ముందు. అది అక్కడ ఉందంటే నేను ఇక్కడ ఉన్నట్లు. చెయ్యి దించాను. మళ్లీ మోగింది.

ఈశ్వరి ముప్పై దగ్గర ఆపలేదు. ముప్పై నాలుగు దాకా పోయి ఆగింది.

"దిగు నాయనా," అంది. నేను దిగేదాకా ఆగి కంటద్దాలు తనే నాకు పెట్టింది. "ఈడే ఉండు. కానీ వారం వారం వచ్చి చూస్తా."

అందరూ పోతుంటే ఆదెన్న నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఒగ మాట. అమ్మ పటం ఉండాది కదా ఇంట్లో. ఒగసారి చూపిస్తారా?"

ఆయన ఏనాడూ మా ఇంట్లోకి రాలేదు. వద్దనడానికి కారణం వెతికాను, దొరకలేదు. దారిలో రెండుచోట్ల తడబడితే ఆయన కట్టె తీసుకుని లావు కొస నేను పట్టుకున్నాను, సన్న కొస ఆయన చేతికిచ్చాను. ఆ నునుపు మీద ఆయన వేళ్లు పడటం చూశాను.

చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వచ్చాడు. ముందరి గదిలో ఆమె పటం కింద నిలబడ్డాడు. ఈశ్వరి పెళ్లినాటి ఫోటో అది. పట్టుచీర, తలనిండా కనకాంబరాలు, నవ్వు ఇంకా పూర్తిగా రాకముందు తీసింది. ఆ నవ్వు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఆదెన్న చాలాసేపు చూశాడు.

"ఎవురో ఉండారు సార్," అన్నాడు మెల్లగా. "ఈయమ్మ నాకు తెలీదు."

"ఆమే అప్పా."

"అట్లనా." మర్యాదగా తల ఊపాడు. మొహంలో నమ్మకం లేదు. మూడేళ్లు ఆమెకు బాట చూపించిన మనిషి అన్నాళ్లూ ఆమె మొహం ఒక్కసారీ స్పష్టంగా చూడలేదని నాకు అప్పుడు తట్టింది. అంత సన్నని కిటికీలోంచి ఆమె ఆయన్ని ఏ మాత్రం చూసిందో. గుండె మీంచి బరువు ఒకటి జరిగింది. ఈ మొహం నా ఒక్కడిది అనుకున్నాను. ఆ ఎండాకాలంలో అంత హాయిగా ఊపిరి పీల్చింది అప్పుడే.

"కాఫీ తాగి పో ఆదెన్నా," అని వంటింట్లోకి పోయి పాలు పొయ్యి మీద పెట్టాను.

గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తే ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. అరచెయ్యి పైకెత్తి, ఆపరేషను అయిన కంటికి కొంచెం ఎడంగా, తాకకుండా అడ్డం పెట్టుకున్నాడు. మబ్బు పట్టిన రెండో కంటితో పటం వైపు చూస్తున్నాడు. తల కొంచెం వంచాడు, వినేవాడి మాదిరి.

"ఆ," అన్నాడు. "ఇప్పుడు అమ్మే."

పాలు పొంగుతున్న వాసన వచ్చినా నేను వంటింట్లోకి పోలేదు. ఆయన వెనక నిలబడి, కంటద్దాలు తీసి నేనూ చూశాను. చీర చెదిరింది, పూలు చెదిరాయి, గోడ కూడా చెదిరింది. ఆయనకు కనపడిన నాగలక్ష్మి కోసం కళ్లు చికిలించాను, వెడల్పు చేశాను, ఆయన మాదిరి తల వంచాను. ఎంత చేసినా నాకు మొహమే కనపడింది.